పది నంబర్లు కలిపిన వెండి రేకు

వెండి కరుగుతదని మీకు తెలుసు. నల్లబడ్తదని తెలుసు. చుట్టాలింటికి పోయిన వెండి గిన్నె మళ్ల తిరిగి రాదని గూడ తెలుసు. గని వెండి చినుగుతదని ఎప్పుడన్న విన్నరా? పాత దుప్పటి చినిగినట్టు, పర్రుమని? నేను చింపిన. గది నా సొంత వెండి అయినా బాగుండు. పోశమ్మ తల్లిది. ఊరి ఆడోళ్ళు కాళ్ళకున్నయి, చేతులకున్నయి తీసి ఇచ్చిన వెండి. ఎట్ల చింపిన్నో చెప్తా, నవ్వుకోండ్రి. ఇప్పుడంటే నేను గూడ నవ్వుతున్న గని, ఆ దినాలల్ల నా మొఖం చూస్తే కొలిమిల బొగ్గు గూడ అయ్యో పాపం అన్నది.

మాది జనగామ. మూడు తరాల నుంచి మా ఇంట్ల వెండి పని. దేవుళ్ళకు కిరీటాలు, గుడి తలుపులకు తొడుగులు, పల్లకి మీది పువ్వులు, అన్నీ రేకు మీద కొట్టి తీసేటియే. మా బాపు సుత్తె పట్టిండంటే రేకు తనంత తానే ఉబ్బి, "నేను నెమలిని" అని లేచి కూసునేది. నేను డిగ్రీ చదివొచ్చి ఆయన పక్కన మూడేండ్లు కూసున్న. పక్కన కూసుంటే పని వస్తదని నా నమ్మకం. గట్లయితే మా కొలిమి పక్కన ఐదేండ్ల సంది పండుకుంటున్న పిల్లి ఈపాటికి కిరీటాలు చెయ్యాలె.

ఒకనాడు కాటారం దిక్కు పల్లె నుంచి లచ్చవ్వ వచ్చింది. అరవై దాటిన మనిషి, చిన్న పానం, పెద్ద గొంతు. సంకల ఒక ముల్లె. ముల్లె ఇప్పి షాపుల పరిస్తే పట్టీలు, మెట్టెలు, నడుం గొలుసులు, అన్నిటికన్న పైన ఒక జత మందపాటి కడియాలు.

"మా పోశమ్మ వెనుకకు వెండి తోరణం కావాలె. ఊరి ఆడోళ్ళమంత కలిసి జమ చేసినం. గీ కడియాలు మా అవ్వయి" అన్నది. "గని ఒక్క మాట. అతుకు ఉండొద్దు. ఒక్కటే రేకు కావాలె. అతుకులు మా బతుకులల్ల ఉన్నయి సాలు, అమ్మకెందుకు?"

బాపు ముల్లె తూకం ఏసి, కాగితం మీద తోరణం గీసి చూపెట్టిండు. నడుమ సింహం మొఖం, అటొక నెమలి ఇటొక నెమలి. రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల పొడుగు రేకు కావాలని చెప్పిండు. బోనాలకు ఇంక మూడు వారాలున్నది. లచ్చవ్వ దండం పెట్టి పోయింది.

గిదంత మంచిగనే ఉన్నది. చెడింది ఎక్కడనంటే బాపు కంటి కాడ. మోతిబిందు ఆపరేషన్ చెయ్యాలె, వరంగల్ దవాఖానకు రమ్మన్నరు. ఆపరేషన్ అయినంక కొలిమి పొగ తగలొద్దు, పది దినాలు మా మేనత్త ఇంట్ల ఉండాలె. నెల దాక సుత్తె ముట్టొద్దు.

పోయేటప్పుడు బాపు చెప్పిండు. "స్వరూపా, మన ఇంట్ల మిషను అరచెయ్యంత వెడల్పు రేకే తీస్తది. గంత వెడల్పు రేకు సికింద్రాబాద్ మిల్లుల తియ్యాల్సిందే. వెండి తీస్కపోయి కరిగిపిచ్చి, కల్తీ తీపిచ్చి, రేకు కొట్టిపిచ్చుకరా. ఇరవై నాలుగు నంబర్ అని చెప్పు. ఎంత?"

"ఇరవై నాలుగు."

"మళ్ల చెప్పు."

"ఇరవై నాలుగు బాపూ! నేనేమన్న చిన్నపిల్లనా?"

చిన్నపిల్లనైతే బాగుండు. చిన్నపిల్ల చెప్పింది చెప్పినట్టు చేస్తది.

మిల్లుల మిషన్ల మోత. సేటు ముసలాయన, చెవుల దూది పెట్టుకున్నడు. వెండి కరిగిచ్చి, కల్తీ తీసి, తూకం చూపెట్టి, "ఏ నంబర్ కొట్టాలె బేటీ?" అని అడిగిండు.

గప్పుడు నా బుర్రల ఒక ఆలోచన పుట్టింది. ఆలోచన అంటున్న గని, తేలు అనాలె దాన్ని. నంబర్ అంటే మందం అని నాకు తెలుసు. పక్కన కూసుని విన్న గద. ఇరవై నాలుగు అంటే మామూలు పనికి సరిపోయే మందం. గని గిది అమ్మవారి పని. ఇంక నాలుగు తరాలు ఉండాలె. బలంగ ఉండాలె. బాపు మొగమాటంతోని తక్కువ చెప్పినట్టున్నడు. లచ్చవ్వ దండం నా కండ్ల ముందర మెదిలింది. భక్తి పొంగింది.

"ముప్పై నాలుగు" అన్న.

సేటు చెవుల దూది తీసిండు. "ఎంత?"

"ముప్పై నాలుగు."

"పక్కా? గుడి పని అన్నవ్ గద?"

"గుడి పని గాబట్టే సేటూ!"

"అందరు ఇరవై నాలుగు, ఇరవై ఆరు తీస్కపోతరు. ముప్పై నాలుగంటే మస్తు అల్కగ అయితది బేటీ."

చూడుండ్రి, ఆ ముసలాయన నన్ను ఆపడానికి నోరు తెరిచి చెప్పిండు. మా దిక్కు అల్కగ అంటే రెండర్థాలు. పని సులువు అని ఒకటి. ఇంకోటి కూడ ఉన్నది, గది నాకు ఆ సమయంల యాదికి రాలే.

"అల్కగనే కానియ్యుండ్రి, నాకు గూడ తొందరున్నది. రైలు అందుకోవాలె" అన్న.

సేటు నన్ను కిందికెల్లి మీదికి చూసి, దూది మళ్ల చెవుల పెట్టుకున్నడు.

రేకు వచ్చింది. అద్దం లెక్క మెరుస్తున్నది. తూకం ఏసి చూపెట్టిండు, గ్రాము పోలే. చాప చుట్టినట్టు చుట్టి నా చేతుల పెట్టిండు. వెండి రేకు చాప లెక్క చుట్టుకుంటుందంటే మనిషికి అనుమానం రావాలె గద? నాకు సంబురం వచ్చింది. ఎంత మంచి పనితనం, ఎంత మెత్తగ వంగుతున్నది అనుకున్న. దుప్పట్ల చుట్టి, చిన్నపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోని రైలెక్కిన.

పక్కన కూసున్న ఆమె అడిగింది. "ఏం చాపనమ్మా గది? ఈతాకుదా, ప్లాస్టికుదా?"

"వేరే రకమక్కా."

"మంచిగుంటదా? మా ఇంట్ల పెండ్లున్నది, రెండు కావాలె."

"గీ చాప మీద దేవతలు తప్ప ఎవరు కూసోరక్కా" అన్న. ఆమె జర దూరం జరిగి, జనగామ దాక నన్నే చూసుకుంట కూసున్నది.

ఇంటికొచ్చి నేల మీద పరిచిన. వెడల్పు సరిగ్గ రెండడుగులు. పొడుగు రెండున్నర ఉండాలె గద? టేపు పెట్టిన. మూడు దాటింది. నాలుగు దాటింది. ఐదు దాటి ఇంక పోతున్నది. టేపు తప్పు చెప్తున్నదేమోనని జానెలతోని కొలిసిన. జానెలు గూడ గదే మాట. తూకం ఏసిన. గంతే. మళ్ల ఏసిన. మళ్ల గంతే. బరువు పెరగలే, రేకు పెరిగింది! నా డిగ్రీల నేర్పిన లెక్కలన్ని తిరగేసిన, ఏ లెక్కకు అందుతలేదు. తల గోక్కున్న. పిల్లిని అడిగిన. పిల్లి అటు తిరిగి పండుకున్నది.

ఇగ మిగిలింది ఒక్కటే జవాబు. అమ్మవారి మహిమ.

అడగంది అమ్మయినా పెట్టదంటరు. నేను అడగకముందే అమ్మ రెండున్నర అడుగుల మీద ఇంక మూడడుగులు పెట్టింది. ఒళ్ళు జల్లుమన్నది. వెంటనే లచ్చవ్వకు ఫోన్ కొట్టిన.

"అవ్వా! రేకు పెరిగింది!"

"ఏం పెరిగింది?"

"రేకవ్వా! వెండి గంతే ఉన్నది, రేకు రెండింతలైంది! అమ్మ మహిమ!"

అటుపక్క లచ్చవ్వ పెద్ద గొంతుతోని ఎవరినో పిలుస్తున్నది. "ఓ యాకమ్మా! ఓ సమ్మక్కా! ఇటు రాండ్రే! మన వెండి పెరిగిందట!"

తెల్లారి ఫోన్ వచ్చింది. ఊరు ఊరంత మాట్లాడుకుంటున్నదట. పెద్దమనుషులు కూసోని ఆలోచన చేసిండ్రట. అమ్మ ఇచ్చింది గాబట్టి మిగిలిన రేకుతోని గడపకు తొడుగు చెయ్యాలె, అమ్మ నెత్తి మీద గొడుగు గూడ చెయ్యాలె. "కాదనకు బిడ్డా. అమ్మ ఇచ్చింది కాదంటే కోపమొస్తది." నేను కాదనలే. గడపకు సరే అన్న, గొడుగుకు సరే అన్న. ఇంకో ఫోన్ వస్తే గోపురానికి గూడ సరే అందును.

అదే దినం బాపు ఫోన్ చేసిండు. "రేకు ఎట్లొచ్చింది?"

"మస్తుగొచ్చింది బాపూ. నువ్వు అనుకున్నదానికన్న పెద్దగొచ్చింది."

"పెద్దగనా? పెద్దగ ఎట్లొస్తది?"

"నువ్వు కంటికి ఒత్తిడి ఇయ్యొద్దు. వచ్చినంక చూద్దువు" అని పెట్టేసిన. ఆశ్చర్యంతోని ఆయన కన్ను అదురుతదేమోనని నా భయం.

ఇగ పని మొదలుపెట్టిన. మా పని చూడని వాళ్ళకు చెప్తా. లక్కను వేడి చేసి పరుస్తం. దాని మీద రేకు పెట్టి, వెనుకకెల్లి ఉలితోని కొట్టుకుంట పోతే, ముందుపక్క బొమ్మ ఉబ్బుతది. లక్క మెత్తగుంటది గాబట్టి రేకు కొద్దికొద్దిగ లోపలికి దిగుతది. మొదటి దినం తీగలు, చుక్కలు కొట్టిన. మంచిగనే వచ్చినయి. రెండో దినం సింహం కాడికొచ్చిన. సింహానికి బుగ్గలు ఉబ్బాలె గద. బాపు సింహాలకు లడ్డు బుగ్గలుంటయి. ఉలి పెట్టిన. టక్, టక్, టక్.

పుటుక్.

ఉలి లేపి చూసిన. సింహం బుగ్గకు బొక్క. లోపలికెల్లి లక్క నల్లగ తొంగి చూస్తున్నది.

కొట్టరాక ఉలి మొండిదన్నట్టు, ఉలి మార్చిన. రేకు మస్తు మిగులు ఉన్నది గద అని బొమ్మను జర కిందికి జరిపి మళ్ల మొదలుపెట్టిన. ఈసారి ముక్కు కాడ పుటుక్. నెమలి మెడ కాడ పుటుక్. మూడో దినానికి ఒక బొక్కకు ఇంకో బొక్కకు నడుమ రేకు పర్రుమని చినిగింది. జానెడు చీలిక. నా చెవులతోని విన్న. వెండి చినిగిన సప్పుడు ఒక్కసారి విన్నోళ్ళు మళ్ల జీవితంల బట్టలషాపుకు పోలేరు.

సరే, అతుకేద్దామనుకున్న. అతుకొద్దన్నది లచ్చవ్వ, గని చినిగినంక ఏం చేస్తం? వెలిగారం పెట్టి, మంట పెట్టిన. రేకు ఎర్రగ కూడ కాలే, నిప్పుల మీది అప్పడం లెక్క ముడుచుకోని, నడుమల కరిగి అరచెయ్యంత బొక్క పడ్డది. నాకేం సమజైతలేదు. అమ్మ ఇచ్చిన రేకు అమ్మనే ఎందుకు తీస్కుంటున్నది? నేనేమన్న తప్పు చేసిన్నా? మైల పడ్డదా? కొలిమికి నిమ్మకాయలు కట్టిన. పిల్లిని బయటికి ఎల్లగొట్టిన, పాపం.

ఇంక నాలుగు దినాలల్ల బోనాలనంగ, బుధారం పొద్దుగాల షాపు ముందర ఆటో ఆగింది. లచ్చవ్వ దిగింది. ఆమె వెనుక ఇంకో నలుగురు. చేతులల్ల పసుపు, కుంకుమ, పూలు, కొబ్బరికాయలు.

"పెరిగిన రేకును చూసి దండం పెట్టుకుందామని వచ్చినం బిడ్డా" అన్నది.

"లోపల సర్దుకొస్తా, జరసేపు కూసోండ్రి" అని ఉరికి, బొక్క పడ్డ కాడ పళ్ళెం పెట్టి, పళ్ళెంల పూలు పోసి, చీలిక మీద పసుపు అలికి, మిగిలిన బొక్కల మీద కుంకుమ చుక్కలు పెట్టిన. చూస్తే నిజంగనే పూజకు తయారుజేసినట్టున్నది. నా తెలివికి నాకే దండం పెట్టాలనిపిచ్చింది.

లోపలికొచ్చిండ్రు. రేకు చూసి ఐదుగురు నోర్లు తెరిచిండ్రు. మొక్కిండ్రు. షాపులనే కొబ్బరికాయలు కొట్టిండ్రు. యాకమ్మ అనే ఆమె రేకు పొడుగు చూసి, మెల్లగ నా చెవుల అడిగింది. "ఇంక పెరుగుతదా?"

"పెరగది" అన్న.

"రాత్రికి ఒక జానెడు?"

"పెరగదక్కా!"

లచ్చవ్వ మాత్రం వంగి రేకు మీద చెయ్యి పెట్టింది. "మా అవ్వ కడియాలు గీండ్ల ఏ దిక్కున్నయో" అన్నది, తనలో తానే అనుకున్నట్టు. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. నిమ్మకాయలు కడితే పోయే తప్పు కాదని గప్పుడు మొదటిసారి అనిపిచ్చింది.

సరిగ్గ గప్పుడే ఇంకో ఆటో ఆగింది. నల్లద్దాలు పెట్టుకోని మా బాపు దిగిండు. రెండు దినాలు ముందే వచ్చేసిండు. "రేకు పెద్దగొచ్చిందన్నవ్ గద, నిద్ర పడ్తలేదు" అన్నడు.

"ఆపరేషన్ కన్నుతోని చూడొద్దు బాపూ!" అని అడ్డం పోయిన.

"చూడ. ముడ్త" అన్నడు.

వచ్చి కూసోని రేకు అంచును బొటనవేలుతోని, చూపుడువేలుతోని పట్టుకోని ఒక్కసారి రాసిండు. అంతే. మొఖం పాలిపోయింది.

"గిదేంది బిడ్డా? బర్ఫీ మీద పెట్టే వెండి పొరనా?"

"రేకే బాపూ."

"ఏ నంబరు చెప్పినవ్?"

నేను పళ్ళెంల పూలు సర్దుకుంట నిలబడ్డ.

"స్వరూపా."

"ముప్పై నాలుగు."

"నేను ఎంత చెప్పిన?"

"ఇరవై నాలుగు. గని అమ్మవారికి గద, బలంగ ఉండాలని పది కలిపిన."

బాపు నల్లద్దాలు తీసి, తుడిసి, మళ్ల పెట్టుకున్నడు. "రేకు కాడ నంబరు పెరిగితే మందం తగ్గుతది బిడ్డా. ఎంత పెద్ద నంబరో గంత పల్చన. సేటు చెప్పలేదా నీకు?"

అల్కగ అయితది. ఆ రెండో అర్థం ఇప్పుడొచ్చి నా నెత్తి మీద కూసున్నది. అల్కగ అంటే బరువు లేకుండ, పల్చగ. ఉన్న వెండే పల్చగైతే పొడుగైతది. రొట్టెల పీట మీద పిండి ముద్ద గూడ గట్లనే పెరుగుతది. నేను దినాం రొట్టెలు చేస్త. ఒక్కనాడు గూడ పిండి పెరిగిందని ఎవరికీ ఫోన్ చెయ్యలే.

లచ్చవ్వ నా దిక్కు చూసింది. "అంటే... మహిమ కాదా?"

పళ్ళెం పక్కకు తీసిన. కుంకుమ తుడిసిన. పసుపు తుడిసిన. బొక్కలు, చీలిక, అన్ని బయటపడ్డయి. "మహిమ కాదవ్వా. నా తెలివి. నేను చింపిన." ఏడ్పొచ్చింది.

ఐదుగురు ఆడోళ్ళు ఆ రేకును చూస్తున్నరు. అందరి కాళ్ళు, చేతులు బోసిగున్నయి. నేను తిట్లకు తయారుగ నిలబడ్డ. లచ్చవ్వ వంగి చీలిక మీద వేలు పెట్టి, అటు ఇటు రాసి, బాపును అడిగింది. "అయ్యా, మళ్ల కరిగిస్తే కాదా?"

"అయితది. గని మిల్లుకు పోయి రేకు తీసి, మళ్ల కొట్టాలంటే ఆదివారానికి కాదు. నేను సుత్తె ముట్టొద్దు" అన్నడు బాపు. రేకును మళ్లోసారి వేళ్ళతోని రాసిండు. తర్వాత అడిగిండు. "ఇప్పుడు అమ్మ వెనుక ఏమున్నది?"

"పాత కట్టె తోరణం. మా తాతల కాలంది. టేకుది."

"బొమ్మలున్నయా దాని మీద?"

"ఉన్నయి. చిలుకలు, తామరపూలు. మస్తు లోతుగ చెక్కిండ్రు."

బాపు మొఖంల వెలుగొచ్చింది. "గట్లయితే రేకు కొట్టే పనే లేదు. కట్టె మీద పరిచి ఒత్తుడే. పల్చటి రేకే కావాలె దానికి. మందపు రేకు ఒదగది. తెప్పియ్యుండ్రి."

తెల్లారి లచ్చవ్వ తమ్ముడు కట్టె తోరణాన్ని గోనెసంచిల చుట్టి కాటారం నుంచి బస్సుల తెచ్చిండు. మిగిలినోళ్ళు వెళ్ళిపోయినా లచ్చవ్వ మా ఇంట్లనే ఉన్నది. బాపు నల్లద్దాలు పెట్టుకోని కుర్చీల కూసోని చెప్తుంటే, చినగని దిక్కు రేకును కత్తిరించి, సన్నటి మంట మీద మెత్తబరిచి, కట్టె మీద పరిచిన. కొమ్ము పుల్లతోని ఒత్తుకుంట పోవుడే. చిలుక ముక్కు కాడ నా వేలు ఆగింది. మళ్ల పుటుక్కుమంటదేమోనని పుల్ల పక్కకు పెట్టిన.

"జరుగు" అన్నది లచ్చవ్వ. నలభై ఏండ్లు నాట్లేసిన బొటనవేలు ఆమెది. పెట్టి మెల్లగ తిప్పింది. చిలుక ముక్కు లేచింది. కట్టె మీది గీత గీత వెండి మీదికొచ్చింది. బాపు ముట్టి చూసి, "ఈమెకు తెలుసు పని" అన్నడు. మూడేండ్లు పక్కన కూసున్న నన్ను గా మాట ఒక్కసారన్న అనలే.

మూడు దినాలు ఇద్దరం ఒత్తినం. ఒత్తుకుంట ఒత్తుకుంట ఆమె వాళ్ళ అవ్వ ముచ్చట్లు చెప్పింది. కరువుల గూడ ఆ కడియాలు అమ్మలేదట. చినిగిన ముక్కలను కరిగిచ్చి, బాపు చెప్పినట్టు పోశమ్మకు రెండు వెండి కండ్లు చేసి, మిగిలిన వెండిని తూకం ఏసి లచ్చవ్వ చేతుల పెట్టిన. గడప, గొడుగు ముచ్చట ఎవరూ ఎత్తలే.

ఆదివారం తోరణం ఎక్కిచ్చినం. అతుకు లేదు. దీపాల వెలుగుల చిలుకలు కదిలినట్టే ఉన్నయి. జనంలకెల్లి ఒకాయన ముందుకొచ్చి గట్టిగ అడిగిండు. "లచ్చవ్వా, వెండి పెరిగిందట గద, నిజమేనా?"

నేను బాపు వెనుక దాసుకున్న. లచ్చవ్వ నా దిక్కు ఒకసారి చూసింది.

"పెరిగింది. నా కండ్లార చూసిన" అన్నది. "గని మళ్ల పెంచమని ఆ బిడ్డను ఎవ్వరు అడగొద్దు. ఎంత పెరిగితే అంత పల్చనైతది."

అడగొద్దంటే అడగకుంట ఉంటరా? నెల తిరగకముందే గార్ల నుంచి ఒకాయన షాపుకొచ్చిండు. బల్ల మీద ఒక వెండి మొలతాడు పెట్టి, అటు ఇటు చూసి, గొంతు తగ్గిచ్చి అడిగిండు. "చెల్లే, మీ కాడ వెండి రెండింతలు చేస్తరట గద?"

నేను నోరు తెరిచేలోపల లోపలికెల్లి బాపు గొంతు వినిపిచ్చింది. "చేస్తది అన్నా! చాప లెక్క చుట్టి ఇస్తది. నడుముకు కట్టుకోని తుమ్మకు, అంతే!"

కాబట్టి చదివేటోళ్ళందరి ముందర, మా కొలిమి మీద, సుత్తె మీద, ఎల్లగొట్టినా మళ్ల వచ్చి పండుకున్న పిల్లి మీద ఒట్టేసి చెప్తున్న. ఇగ నా ఒంట్ల ఊపిరుండంగ, పెద్దలు చెప్పిన నంబరుకు నా భక్తిని కలపనే కలప.